పిల్లలకి చెప్పకుండా కుందేలు తెద్దామనుకుంటున్నాం, ఎలాంటిది తీసుకోవాలి?

ఇద్దరు పిల్లల నాన్న:
అందరికీ నమస్కారం. మా పాపకి పదేళ్లు, బాబుకి ఆరేళ్లు. ఇంట్లో ఏదైనా జంతువుని పెంచుకుందామని ఇద్దరూ ఎప్పటినుంచో అడుగుతున్నారు. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, కుక్కని రెండు పూటలా బయట తిప్పడం మా వల్ల కాదు, పైగా ఉండేది ఫ్లాట్‌లో. కుందేలైతే అరవదు, బయటికి తీసుకెళ్లే పని లేదు, పిల్లలు ఒళ్లో పెట్టుకుని ఆడుకుంటారు అనిపించింది. పరీక్షలు అయిపోయే రోజు వాళ్లు స్కూల్ నుంచి వచ్చేసరికి హాల్లో బుజ్జి కుందేలు ఉండాలి, అదీ నా ప్లాన్. ముందే సామాను కొంటే కనిపెట్టేస్తారు కాబట్టి కేజ్, తిండి, కుందేలు అన్నీ ఆ రోజే తెచ్చేద్దామనుకుంటున్నా. ఆడదా మగదా, ఏ జాతి, ఎన్ని నెలలది, ఒకటి చాలా రెండు కావాలా, ఇవేవీ నాకు తెలియవు. పెంచినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

పచ్చగడ్డి:
స్వాగతం అండీ. తెచ్చాక కాకుండా తెచ్చేముందు అడుగుతున్నారు, చాలా సంతోషం. జాతి, రంగు తర్వాత చూద్దాం, ముందు కాలం లెక్క వేసుకోండి. బాగా చూసుకుంటే ఇంట్లో కుందేలు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతుంది. మీ పాప కాలేజీకి వచ్చేసరికి కూడా అది మీ ఇంట్లోనే ఉంటుంది, పాప హాస్టల్‌కి వెళ్లిపోతే గడ్డి వేసేది మీరే. కాబట్టి ఇది మీరూ మీ ఆవిడా పెంచుకునే జంతువు, పిల్లలు మీతో పాటు చూసుకుంటారు, అంతే. మీ ఇద్దరికీ కూడా కుందేలంటే ఇష్టం ఉంటేనే తీసుకోండి.

ఇక ఆ రోజు సంగతి. అడవిలో కుందేలు పదిమందికి ఆహారం, అందుకే పెద్ద శబ్దమైనా, పైనుంచి చెయ్యి వచ్చినా ప్రాణం మీదికి వచ్చిందనుకుంటుంది. తల్లి నుంచి, తెలిసిన చోటు నుంచి ఆ పొద్దునే తెచ్చిన పిల్లని హాల్ మధ్యలో పెడితే, పరీక్షలు అయిపోయిన సంతోషంలో ఇద్దరు పిల్లలు కేకలేసుకుంటూ దాని మీదికి వస్తే, అది బెదిరిపోయి తినడం మానేస్తుంది. కుందేలు తినడం మానేసిందంటే పేగుల కదలిక ఆగిపోతుంది, డాక్టర్లు జీఐ స్టేసిస్ అంటారు, ప్రాణాలు పోవచ్చు. మీరు చూడాలనుకుంటున్న ఆ సంతోషం వాళ్ల ముఖాల్లో చూడొచ్చు, కానీ కుందేలు వచ్చే రోజూ ఆ రోజూ ఒకటే కానక్కర్లేదు.

రాత్రి డ్యూటీ:
పచ్చగడ్డి గారితో కొంచెం విభేదిస్తాను. సర్‌ప్రైజ్ అనగానే అందరూ తప్పంటారు కానీ తప్పు సర్‌ప్రైజ్‌లో లేదు. మా అక్క వాళ్లు పిల్లలకి చెప్పకుండానే తెచ్చారు, ఆ కుందేలు ఇప్పటికీ హాయిగా ఉంది. ఎలా అంటే, పెద్దవాళ్లిద్దరూ అన్నీ ముందే చదువుకున్నారు, సామానంతా పక్క ఫ్లాట్‌లో పెట్టించారు, డాక్టర్‌ని చూసిపెట్టుకున్నారు, పిల్లలు సెలవులకి అమ్మమ్మ గారింట్లో ఉన్నప్పుడు కుందేలుని తెచ్చి అలవాటు చేశారు. పిల్లలు వచ్చేసరికి అది ఇల్లంతా తిరుగుతోంది. ఇక్కడ పిల్లలకి తెలియకపోయినా పర్లేదు, పెద్దవాళ్లకి అన్నీ తెలిసుండాలి. మీ ప్లాన్‌లో నాకు భయం వేసింది "అన్నీ అదే రోజు తెచ్చేద్దాం" అన్న మాటకి.

పశువైద్యం ఆఖరి సంవత్సరం:
ఒళ్లో పెట్టుకుని ఆడుకుంటారు అన్నారు కదా, నేను అక్కడే ఆగిపోయాను. చాలా కుందేళ్లకి ఎత్తుకోవడం అస్సలు నచ్చదు. దాని ఎముకల బరువు మొత్తం ఒంటి బరువులో 7, 8 శాతమే, పిల్లికి అదే 12, 13 శాతం ఉంటుంది. వెనక కాళ్ల కండలేమో చాలా బలమైనవి. ఎత్తుకున్నప్పుడు భయపడి ఒక్కసారి వెనక కాళ్లు విదిలిస్తే దాని వెన్నెముక అదే విరగ్గొట్టుకుంటుంది. కింద పడక్కర్లేదు కూడా, చేతుల్లో ఉండగానే జరుగుతుంది. ఆసుపత్రిలో ఇలా వెనక కాళ్లు పడిపోయి వచ్చినవాటిని చూశాను, చాలావాటికి చేయగలిగింది ఏమీ ఉండదు. ఆరేళ్ల బాబు ఎత్తకూడదు, ఈ నియమానికి మినహాయింపు పెట్టొద్దు. నేల మీద కూర్చోమనండి, అదే వచ్చి మోకాలి మీద కాళ్లు పెట్టి చూస్తుంది, నుదురు నిమిరితే అక్కడే పడుకుంటుంది.

ఇంకోటి, వీడియోల్లో కుందేలుని వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉండటం చూస్తుంటారు. అది హాయిగా పడుకోవడం కాదు, భయంతో బిగుసుకుపోవడం. పిల్లలు అది చూసి చేస్తారు కాబట్టి ముందే చెప్పండి.

ఇద్దరు పిల్లల నాన్న:
ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. ఒళ్లో కూర్చోదు అంటే బాబు కొంచెం నిరాశపడతాడు, వాడికి అదే పెద్ద ఆశ. మనుషులకి బాగా మచ్చికయ్యే జాతి ఏదైనా ఉందా? చిన్న సైజుది అయితే పిల్లలకి సులువు కదా?

చెవులపిల్లి:
చిన్నది పిల్లలకి సులువు అనుకుంటారు గానీ నా అనుభవంలో దానికి పూర్తిగా వ్యతిరేకం. నెదర్లాండ్ డ్వార్ఫ్ లాంటి కిలో బరువుండేవి చూడ్డానికి బొమ్మలా ఉంటాయి, కానీ చురుకెక్కువ, బెదురెక్కువ, అరచేతిలో పట్టేలా ఉంటాయి కాబట్టి పిల్లలకి ఎత్తాలనే అనిపిస్తుంది. రెండు రెండున్నర కిలోలు, ఆ పైన ఉండేవి మామూలుగా నిదానంగా ఉంటాయి. ఫ్లెమిష్ జెయింట్ అయితే ఆరేడు కిలోలు కూడా తూగుతుంది, స్వభావం శాంతం, కానీ ఫ్లాట్‌లో దానికి చోటు, తిండి అన్నీ ఎక్కువ కావాలి. అంగోరా తీసుకోవద్దు, ఆ జుట్టు రోజూ దువ్వకపోతే ఉండలు కట్టేస్తుంది, ఎండాకాలంలో అది చాలా ఇబ్బంది పడుతుంది. చెవులు వేలాడే లాప్ రకాలు పిల్లలకి బాగా నచ్చుతాయి, అయితే వాటికి చెవి లోపల గులిమి పేరుకుని ఇన్ఫెక్షన్లు ఎక్కువ. ముఖం మరీ గుండ్రంగా నొక్కినట్టు ఉన్నవాటికి పళ్లు వరస తప్పి పెరిగే సమస్య వస్తుంది. నన్నడిగితే ముఖం కాస్త పొడుగ్గా, చెవులు నిలబడి ఉండే, ఏ జాతో ఎవరూ చెప్పలేని మామూలు కుందేలే ఇంటికి మంచిది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇంకోటి. పిల్ల కుందేలు వద్దు, పెద్దది తీసుకోండి. రెండు నెలల పిల్ల ఎలా ఉంటుందో చూసి స్వభావం చెప్పలేం, నాలుగైదు నెలలకి ఈడొచ్చాక అదే కుందేలు కరుస్తుంది, గుర్రుమంటుంది, గోడలకి మూత్రం చిమ్ముతుంది. చాలామంది వదిలించుకునేది సరిగ్గా అప్పుడే. ఏడాది దాటినది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయినది అయితే అది ఎలాంటిదో మీకు ఎదురుగా కనిపిస్తుంది. ఇల్లు మారేవాళ్ల దగ్గరో, జంతువులని కాపాడే సంస్థల దగ్గరో ఇలాంటివి చాలా ఉంటాయి, ఎవరూ అడగరు.

మల్లెతీగ:
జాతి గురించి ఆలోచించే ముందు అలర్జీ చూసుకోండి ప్లీజ్. బొచ్చే కాదు, ఎండుగడ్డి దుమ్ము పడనివాళ్లు కూడా ఉంటారు, కుందేలు ఉన్న ఇంట్లో గడ్డి లేకుండా కుదరదు. ఎవరింట్లోనైనా కుందేలు ఉంటే నలుగురూ వెళ్లి ఓ గంట అక్కడే కూర్చోండి, ఒకటికి రెండుసార్లు. మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. ఇంటికి తెచ్చాక తుమ్ములు మొదలైతే, పిల్లల దగ్గర నుంచి దాన్ని తీసుకెళ్లి ఇంకొకరికి ఇవ్వడం కంటే ఏడిపించే పని ఇంకోటి ఉండదు.

లెక్కల మాస్టారు:
ఒకటా రెండా అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. కుందేళ్లు గుంపులో బతికే జీవులు. మీరిద్దరూ ఆఫీసులో, పిల్లలు స్కూల్లో ఉంటే అది పొద్దంతా ఒంటరిది. రెండు ఉంటే ఒకదాన్నొకటి నాకుకుంటాయి, ఆనుకుని పడుకుంటాయి, మీరు లేకపోయినా వాటికి తోడు ఉంటుంది. కానీ "రెండు పిల్లల్ని కొందాం, కలిసి పెరుగుతాయి" అని మాత్రం చేయకండి. చిన్నప్పుడు ఎంత కలిసున్నా ఈడొచ్చాక రెండు మగవి అయితే రక్తాలొచ్చేలా కొట్టుకుంటాయి, రెండు ఆడవి కూడా చాలాసార్లు అంతే. ఒకటి ఆడ ఒకటి మగ అయితే సంగతి చెప్పక్కర్లేదు.

లెక్క చూడండి. గర్భం 31 రోజులు. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. పైగా చిన్న పిల్లల్లో ఆడ మగ తేడా పట్టడం అమ్మేవాళ్లకీ కష్టమే, రెండూ ఆడవే అని ఇచ్చినవి పిల్లలు పెట్టడం మామూలు విషయం. అందుకని మంచి జత అంటే ఆపరేషన్ అయిన మగది, ఆపరేషన్ అయిన ఆడది. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలు పిల్లల్ని పుట్టించే శక్తి ఉంటుంది, కాబట్టి వెంటనే కలపకూడదు. ఆడదానికి ఆపరేషన్ పిల్లలు పుట్టకుండా ఉండటానికే కాదు, చేయించకపోతే మూడు నాలుగేళ్లు దాటాక గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఇప్పటికే కలిసి ఉంటున్న పెద్ద జత దొరికితే కళ్లకద్దుకుని తీసుకోండి.

ఇద్దరు పిల్లల నాన్న:
మాస్టారూ, అంత చిన్న జంతువుకి మత్తిచ్చి ఆపరేషన్ చేస్తే తట్టుకుంటుందా? చదువుతుంటేనే టెన్షన్‌గా ఉంది. మాకు దగ్గర్లో ఉన్న డాక్టర్ కుక్కలని, పిల్లులని బాగా చూస్తారు, కుందేలుని చూస్తారో లేదో.

పశువైద్యం ఆఖరి సంవత్సరం:
తట్టుకుంటుంది అండీ, అలవాటున్న డాక్టర్ చేతిలో. ఆ అలవాటు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న అడగండి: ఆపరేషన్ ముందు రాత్రి నుంచి కుందేలుని పస్తు పెట్టాలా? కుక్క, పిల్లి మత్తులో వాంతి చేసుకుంటాయని పస్తు పెడతారు. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, కాబట్టి ఆపరేషన్‌కి కాస్త ముందు వరకూ గడ్డి తినాలి, అయ్యాక వీలైనంత త్వరగా మళ్లీ మొదలుపెట్టాలి. రాత్రంతా పస్తు పెట్టమన్నారంటే ఆయనకి కుందేళ్లతో పెద్దగా పరిచయం లేదని అర్థం, ఇంకొకరిని వెతకండి. కుందేలుని తెచ్చాక కాదు, తేకముందే వెతకండి.

మందుల విషయంలో సొంత వైద్యం అసలు వద్దు. కుక్కలకి పిడుదుల కోసం వాడే ఫిప్రోనిల్ కుందేలుకి విషం. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ రకం యాంటీబయాటిక్స్ నోటి ద్వారా ఇస్తే పేగుల్లో మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి ప్రాణం పోవచ్చు, ఇంట్లో పిల్లల కోసం తెచ్చిన సిరప్ ఉంది కదా అని పోసేవాళ్లు ఉన్నారు. పన్నెండు గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా రేపు చూద్దాం అనకండి, రాత్రయినా ఫోన్ చేయండి. అలాగే మీ ఊళ్లో ఏ టీకాలు వేస్తారో మొదటిసారి వెళ్లినప్పుడే అడగండి.

పచ్చగడ్డి:
తిండి గురించి నేను రాస్తాను, నా పేరే అది కదా. కుందేలు అనగానే అందరికీ క్యారెట్ గుర్తొస్తుంది. క్యారెట్‌లో చక్కెర ఎక్కువ, వారంలో ఒకటి రెండు చిన్న ముక్కలు చాలు. కుందేలు తిండిలో 80 శాతం పైగా ఎండుగడ్డే ఉండాలి, టిమోతీ లాంటిది, రాత్రీ పగలూ ఎప్పుడు చూసినా దాని ముందు ఉండాలి, అయిపోవడం అన్నది జరగకూడదు. దాని పళ్లు 28, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లయితే వారానికి రెండు మూడు మిల్లీమీటర్ల దాకా. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. అరగకపోతే మొనలు తేలి నాలుకని, బుగ్గలని కోస్తాయి, తినలేకపోతుంది, మళ్లీ పేగులు ఆగిపోవడం.

పెల్లెట్స్, అంటే గుళికల దాణా, కొంచెమే, పెద్ద కుందేలుకి కిలో బరువుకి రోజుకి 25 గ్రాములు దాటించకండి. గింజలు, రంగు రంగుల ముక్కలు కలిపిన మిక్స్ కొనకండి, అది తీపివి ఏరుకుని మిగతావి వదిలేస్తుంది. కొత్తిమీర, పుదీనా లాంటి ఆకులు రోజూ ఓ గుప్పెడు ఇవ్వొచ్చు, కొత్త ఆకు ఏదైనా మొదట కొంచెమే పెట్టి మర్నాడు పెంటికలు చూసుకోండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, అవకాడో విషం. బిస్కెట్లు, బ్రెడ్డు కూడా పెట్టకూడదు, పిల్లలున్న ఇంట్లో ఇది కాగితం మీద రాసి అతికించాల్సిన విషయం, ఎందుకంటే స్నేహితులు వస్తారు, ప్రేమగా పెడతారు.

ఇంకో సంగతి ముందే చెప్తున్నా, తెల్లవారుజామున అది తల వంచి తన వెనక నుంచి ఏదో తీసుకుని తింటుంది. మెత్తగా, ద్రాక్ష గుత్తిలా మెరుస్తూ ఉంటాయి అవి, మామూలు పెంటికలు కావు. వాటిలో ఉన్న విటమిన్లు దానికి అవసరం. పాప చూసి కంగారుపడొచ్చు, జబ్బు కాదని చెప్పండి.

వాన చినుకు:
మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి, నేనూ తీసుకుందామనే ఆలోచనలో ఉన్నా. ఇల్లు వాసన వస్తుందా?

పచ్చగడ్డి:
వాన చినుకు గారూ, పెంటికలకి పెద్దగా వాసన ఉండదు, మూత్రానికి ఉంటుంది. ఆపరేషన్ అయిన కుందేలు ట్రేలో పోయడం చక్కగా నేర్చుకుంటుంది. కుందేలు తింటూనే పెంటికలు వేస్తుంది, కాబట్టి పెద్ద ట్రే పెట్టి, అందులో కూర్చుని అందుకునేలా ఒక చివర గడ్డి పెట్టండి, పని అయిపోతుంది. ట్రేలో లిట్టర్, అంటే మూత్రం పీల్చుకునే పొర, కాగితంతో చేసినది వేయండి. పిల్లుల కోసం వచ్చే ఉండకట్టే మట్టి లిట్టర్ వద్దు, మింగితే లోపల గట్టిపడుతుంది. దేవదారు రంపపు పొట్టు కూడా వద్దు. ట్రే రోజూ మారిస్తే వాసన సమస్యే రాదు. కుందేలుకి స్నానం మాత్రం చేయించకండి, తడిస్తే ఒళ్లు చల్లబడి షాక్‌లోకి వెళ్లిపోవచ్చు, తన ఒంటిని అదే శుభ్రం చేసుకుంటుంది.

రాత్రి డ్యూటీ:
కేజ్ కొంటానన్నారు కదా, దాని సైజు గురించి చెప్తాను. షాపుల్లో కుందేలు కేజ్ అని అమ్మేవి చాలావరకు కుందేలు ఉండటానికి పనికిరావు. వరసగా మూడు గెంతులు వేయగలగాలి, చెవులు తగలకుండా వెనక కాళ్ల మీద నిలబడగలగాలి. రెండు కుందేళ్లకి ఎప్పుడూ అందుబాటులో ఉండే చోటు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉంటే మంచిది. అందుకే నేను కేజ్ మానేసి, కుక్కపిల్లల కోసం వచ్చే మడత కంచె కొనమంటాను, హాల్లో ఒక మూల చుట్టేయొచ్చు. అడుగున తీగల జాలీ ఉన్నవి అసలు వద్దు, కుందేలు పాదాలకి పిల్లి పాదాల్లా మెత్తలు ఉండవు, పుండ్లు పడతాయి. నున్నటి టైల్స్ మీద జారుతుంది కాబట్టి చాప, దుప్పటి వేయండి.

వైర్లు! ఫోన్ ఛార్జర్, టీవీ వెనక, ఫ్రిజ్ వెనక, అన్నీ. కుందేలుకి వైరు కనిపిస్తే ఒక్క కొరుకుతో తెగిపోతుంది. ప్లాస్టిక్ గొట్టాలు తొడిగించండి లేదా అటు వెళ్లకుండా అడ్డం పెట్టండి.

వేడి విషయం కూడా చూసుకోండి. కుందేలుకి చెమట పట్టదు, చెవుల నుంచే వేడి బయటికి పోవాలి. 28 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలు, అక్కడి నుంచి వడదెబ్బ ప్రమాదమే. ఎండ పడే బాల్కనీలో పెట్టకూడదు. గచ్చు మీద నీడ, గాలి ఆడే గది, నీళ్ల సీసా గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటాయి. నోరు తెరిచి రొప్పుతుంటే, చెవులు కాలిపోతుంటే చెవులకి తడిగుడ్డ అద్దుతూ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి, చన్నీళ్లలో ముంచకూడదు.

నిద్రలేని అమ్మ:
ఇంతసేపూ అందరూ కుందేలు గురించి రాశారు, నేను పిల్లల గురించి రాస్తాను. పిల్లలకి కొన్నాళ్లకి మోజు తగ్గుతుంది, అది వాళ్ల తప్పు కాదు, పదేళ్ల పాప పదేళ్ల పాపలాగే ఉంటుంది. "నువ్వే అడిగావు, నువ్వే చూసుకో" అని మొత్తం బాధ్యత ఆ పాప మీద పెడితే ఒక రోజు మర్చిపోతుంది, ఆ రోజు ఆకలితో ఉండేది కుందేలు. ట్రే మార్చడం, గోళ్లు, డాక్టర్, ఇవి మీవి. పాపకి పొద్దున గడ్డి వేయడం, నీళ్లు మార్చడం ఇవ్వండి, మీరు వెనక నుంచి ఒకసారి చూడండి. బాబుకి సాయంత్రం ఆకులు ఇచ్చే పని. చిన్న చెయ్యితో ఆకు చాచి నేల మీద కూర్చుంటే ఎత్తుకోకుండానే దగ్గరవుతుంది, ఆ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలన్న ఆశ దానంతట అదే వేరే రూపంలో తీరుతుంది.

ఇంకో మాట, దయచేసి చదువుకి దీనికి ముడిపెట్టకండి. మార్కులు తగ్గితే కుందేలుని ఇచ్చేస్తా అని బెదిరించే ఇళ్లు చూశాను. ప్రాణమున్న జీవిని అలా మధ్యలోకి లాగితే పిల్లలు నేర్చుకునేది మంచి విషయం కాదు.

మంచి సంగతి ఏంటంటే కుందేళ్లు మధ్యాహ్నం పడుకుని తెల్లవారుజామున, సాయంత్రం చురుగ్గా ఉంటాయి. స్కూల్ పిల్లలకి సరిగ్గా సరిపోయే వేళలు. దాని భాష కూడా పిల్లలు పెద్దవాళ్ల కంటే తొందరగా పట్టేస్తారు. గాల్లోకి ఎగిరి మెలి తిరిగితే సంతోషం, ధబ్‌మని పక్కకి పడిపోయి కాళ్లు చాపితే ఇక్కడ భయం లేదని నమ్మకం, వెనక కాలు నేలకేసి కొడితే ఏదో ప్రమాదం అని హెచ్చరిక. నిమిరేటప్పుడు పళ్లు మెల్లగా టకటకలాడిస్తే హాయిగా ఉందని. గట్టిగా కొరుకుతూ మూల ముడుచుకుని కూర్చుంటే మాత్రం నొప్పి.

ఇద్దరు పిల్లల నాన్న:
అందరివీ మా ఆవిడకి చదివి వినిపించాను. తనకి కుందేలంటే ఇష్టమే, కానీ ఇన్నేళ్ల సంగతి అని తనకీ తెలియదు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం, పెంచుదామనే నిర్ణయించుకున్నాం. ప్లాన్ మార్చాను. పరీక్షలు అయిపోయే రోజు హాల్లో కంచె, ట్రే, గడ్డి పెట్టి ఉంచుతాను, కుందేలు ఉండదు. అవి చూసి వాళ్లే కనిపెట్టాలి. సెలవుల్లో మేమూ ఇంట్లో ఉండేలా లీవులు పెట్టుకుని, అందరం కలిసి వెళ్లి వాళ్లకి నచ్చింది తెచ్చుకుంటాం. ఇది బాగుందా?

రాత్రి డ్యూటీ:
చాలా బాగుంది అన్నా. ఖాళీ కంచె చూసి వాళ్లు వేసే కేకలకి బెదిరే ప్రాణం అక్కడ ఉండదు.

లెక్కల మాస్టారు:
"వాళ్లకి నచ్చింది" దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఆరేళ్ల బాబు అన్నిటికన్నా చిన్నదాన్ని, కదలకుండా మూల కూర్చున్నదాన్ని చూపిస్తాడు, పాపం అనిపిస్తుంది కదా. అది జబ్బుతో అలా కూర్చుని ఉండొచ్చు. ముందు మీరిద్దరే వెళ్లి చూసి రండి.

చెవులపిల్లి:
మాస్టారు చెప్పింది నిజం. మీరు ముందు వెళ్లి, మీకు సరే అనిపించినవాటిని మాత్రమే పిల్లలకి చూపించండి, ఆ మధ్యలో ఎంపిక వాళ్లది, పేరు పెట్టడం వాళ్లది. వెళ్లినప్పుడు నిలబడి చూడకండి, నేల మీద కూర్చుని కాసేపు ఊరుకోండి. కుందేలుకి దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ సరిగ్గా ముక్కు ముందు ఉన్నది కనిపించదు, అందుకని చెయ్యి మూతి ముందు పెట్టకుండా పక్క నుంచి నుదురు మీదికి తీసుకెళ్లండి. తనంతట తాను వచ్చి వాసన చూసేది మంచిది. మరీ అంటీముట్టనట్టు ఉన్నది పిల్లలున్న ఇంట్లో ఇబ్బంది పడుతుంది.

ఒంటి మీద చూడాల్సినవి: కళ్లు నీరు కారకుండా, ముక్కు పొడిగా ఉండాలి. ముందు కాళ్ల లోపలి వైపు వెంట్రుకలు తడిసి అట్టకట్టి ఉంటే కారే ముక్కుని దాంతో తుడుచుకుంటోందని అర్థం, ఇది చాలామంది చూడరు. పెదవి పక్కకి జరిపితే పై పళ్లు కింది పళ్ల మీద కొంచెం ముందుకి ఆని ఉండాలి. చెవుల్లో పొలుసులు, పక్కులు ఉంటే పురుగులు. ఒంటి మీద గుండ్రంగా వెంట్రుకలు ఊడిన మచ్చలుంటే తామర అయ్యుండొచ్చు, అది పిల్లలకీ అంటుకుంటుంది. తోక కింద శుభ్రంగా ఉండాలి. ఒకవేళ పిల్లనే తీసుకుంటే ఎనిమిది వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేసినదాన్ని తేవద్దు, "చిన్నగా ఉన్నప్పుడే మచ్చికవుతుంది" అని నెల పిల్లని అంటగడతారు, పాలు మానకముందే తల్లి నుంచి విడదీసిన అలాంటివి పేగులు పాడై చచ్చిపోవచ్చు.

ఇద్దరు పిల్లల నాన్న:
ఒక జత దొరికింది! ఇల్లు మారుతున్న ఒక కుటుంబం ఇస్తోంది, వాళ్లు వెళ్లే చోట పెట్టుకునే వీల్లేదట. ఆడ మగ, మూడేళ్ల వయసు, రెండిటికీ ఆపరేషన్ అయింది, కాగితాలు చూపించారు. గోధుమ రంగు, ఏ జాతో వాళ్లకీ తెలియదు. నేనూ మా ఆవిడా వెళ్లి కూర్చున్నాం, ఆడది వచ్చి నా ప్యాంటు అంచు కొరికింది, మగది దూరం నుంచి చూసి కాసేపటికి దాని వెనకాలే వచ్చింది. కుందేళ్లని చూసే డాక్టర్ కూడా దొరికారు, పస్తు ప్రశ్న అడిగాను, గడ్డి తినిపిస్తూనే తీసుకురమ్మన్నారు. వాళ్లింట్లో గంటకి పైగా ఉన్నా మా ఇద్దరికీ తుమ్ములేం రాలేదు. ఈ ఆదివారం పిల్లలని తీసుకెళ్తున్నాం, వాళ్లకి కూడా పడితే తర్వాతి వారం తెచ్చుకోవడం. రెండిటినీ ఒకే క్యారియర్‌లో తేవచ్చా, వేరువేరుగానా?

పశువైద్యం ఆఖరి సంవత్సరం:
ఒకే దాంట్లో తీసుకురండి, భయపడినప్పుడు ఒకదానికి ఇంకోటి ధైర్యం. విడదీసి మళ్లీ కలిపితే జత చెడిపోయే ప్రమాదం కూడా ఉంది, డాక్టర్ దగ్గరికి ఒకదాన్నే తీసుకెళ్లాల్సొచ్చినా రెండిటినీ తీసుకెళ్లండి. అడుగున తువ్వాలు వేసి, లోపల గడ్డి పెట్టండి. కారులో క్యారియర్ సీటు ముందు కాళ్ల దగ్గర కదలకుండా ఉండాలి, పిల్లల ఒళ్లో వద్దు. వాళ్లు ఇప్పుడు పెడుతున్న పెల్లెట్స్ ఒక వారానికి సరిపడా అడిగి తెచ్చుకుని, మీది కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి. మొదటి రెండు మూడు రోజులు కంచె దగ్గర కూర్చుని చూడ్డమే, ముట్టుకోవడం వాటి ఇష్టం.

పచ్చగడ్డి:
వాళ్ల ట్రేని కూడా కడగకుండా అలాగే ఇమ్మనండి. తమ వాసన ఉన్న ట్రే అయితే కొత్త ఇంట్లో మొదటి రోజు నుంచే అందులోకి వెళ్తాయి. అవి పడుకునే దుప్పటి ఏదైనా ఉంటే అదీ ఉతక్కుండా తెచ్చుకోండి.

ఇద్దరు పిల్లల నాన్న:
ట్రే, దుప్పటి రెండూ ఇస్తామన్నారండీ, ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. ట్రే నేను కొన్నదానికంటే పెద్దది, గడ్డి పెట్టుకోవడానికి అందులోనే ఒక చివర చోటు ఉందట.